అప్పగించిన పిల్ల

ఉప్పెన అనగానే కోస్తాలో పెద్దవయసు వాళ్ల నోట వచ్చే సంవత్సరం 1977. ఆ వెంటనే వచ్చే పేరు దివిసీమ. నవంబరు 19, శనివారం. ఆ సాయంత్రం సముద్రం 5 మీటర్ల ఎత్తున లేచి, పది కిలోమీటర్లకు పైగా ఊళ్ల మీదకు వచ్చేసింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు 10 వేల మంది పోయారు. ఆ లెక్క చాలా తక్కువని అప్పట్లో ఆ దారుల్లో నడిచినవాళ్లు ఇప్పటికీ అంటారు.

అయితే ఆ తుపాను తీరం దాటింది దివిసీమలో కాదు, చీరాల దగ్గర. మరి దివిసీమ ఎందుకు మునిగింది? అట్లాంటిక్‌లో హరికేన్ అన్నా, పసిఫిక్‌లో టైఫూన్ అన్నా, మన దగ్గర తుపాను అన్నా జాతి ఒకటే. భూమధ్యరేఖకు ఉత్తరాన పుట్టినవన్నీ గడియారం ముల్లుకు ఎదురు దిశలోనే తిరుగుతాయి. అందుకని బంగాళాఖాతం నుంచి మన తీరానికి వచ్చే తుపానుకు కుడిచేతి వైపు గాలి సముద్రాన్ని నేల మీదకు తోస్తుంది. ఎడమచేతి వైపు గాలి నేల మీంచి సముద్రం మీదకు పోతుంది. చీరాలకు కుడిచేతి వైపున బాపట్ల, నిజాంపట్నం, రేపల్లె, ఆ పైన కృష్ణ దాటితే దివి. నీళ్లన్నీ అటు పోయాయి. ఇటు లోపలి మెట్ట ఊళ్లకు గాలి, వాన మిగిలాయి.

ఆ రోజు ఒకే కుటుంబం ఈ తుపానుకు రెండు చోట్ల దొరికింది. అమ్మానాన్న నిజాంపట్నం వైపు. ఐదేళ్ల కూతురు మాత్రం పర్చూరు, ఇంకొల్లు మధ్య ఉన్న ఓ పత్తి ఊళ్లో... మేనత్త ఇంట్లో.

పర్చూరు ప్రాంతం అప్పటికి ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. చీరాలకు ఇరవై, పాతిక కిలోమీటర్లు. నల్లరేగడి నేల. పత్తి, మిరప, పొగాకు. ఎండితే పగుళ్లలో కాలు ఇరుక్కుంటుంది, తడిస్తే మోకాలి దాకా దిగబడుతుంది. మేనత్తకు అప్పుడు ఇరవై ఆరేళ్లు. భర్త మూడెకరాలు కౌలుకు చేసేవాడు. ఏడేళ్ల కొడుకు. ఆమె అన్నా వదినలది పక్క ఊరు, కూలి బతుకు. మెట్టలో కూలికి డబ్బులు వస్తాయి, అవి వచ్చిన దారినే పోతాయి. అదే డెల్టాలో వరి కోతలకు పోతే కూలి ధాన్యంగా కొలుస్తారు. నాలుగు బస్తాలు తెచ్చుకుంటే ఆ ఏడాదికి బియ్యం బెంగ సగం తీరినట్టే. అందుకే మెట్ట ఊళ్ల నుంచి ఆలుమగలు కలిసి డెల్టాకు నడిచేవాళ్లు.

చేలగట్ల మీద బతుకు, పక్కనే కాలవలు, పాములు. పైగా పిల్లకు అప్పుడే జ్వరం వచ్చి తగ్గింది. ఆడబిడ్డ ఇంటికి తీసుకొచ్చి దించి, వదిన ఒకటే మాట చెప్పిందట.

''జ్వరం తగ్గింది గానీ దగ్గు పోలేదమ్మాయ్. రాత్రిపూట గాలి తగలనీకు''

తల్లులంతా చెప్పేమాటే. చెప్పినావిడకు గానీ, విన్నావిడకు గానీ వారం తిరక్కుండానే ఏ గాలి రాబోతుందో తెలియదు.

మన ఇళ్లల్లో పిల్లల్ని బంధువుల దగ్గర ఉంచడం కొత్త కాదు. పిన్ని దగ్గర, పెద్దమ్మ దగ్గర, అమ్మమ్మ దగ్గర పెరగని పిల్లలు ఆ తరంలో తక్కువ. 'మా దగ్గరే పెరిగాడు' అని చెప్పుకోవడం పెద్దవాళ్లకు గొప్ప కూడా. కానీ ఉంచుకున్న మనిషి మీద ఎంత బరువుంటుందో బయటకు కనిపించదు. కన్నబిడ్డ కిందపడి మోకాలు చెక్కుకుంటే తల్లి తిట్టి, పసుపు పెట్టి ఊరుకుంటుంది. అప్పగించిన పిల్ల మోకాలు చెక్కుకుంటే, ముందు పిల్ల తల్లి మొహం గుర్తొస్తుంది. మేనత్తకు ఆ పది రోజులూ అదే. కొడుకు వీధిలో ఎక్కడ తిరుగుతున్నాడో పట్టించుకోలేదు. మేనకోడల్ని మాత్రం గడప దాటనివ్వలేదు.

శనివారం పొద్దుటికే ఆకాశం బూడిదరంగుకు తిరిగింది. రేడియోలో తుపాను హెచ్చరిక చెప్పారు. అయితే సరిగ్గా వారం కిందట, నవంబరు 12న, మరో తుపాను తమిళనాడులో నాగపట్నం దగ్గర తీరం దాటింది. 'ఇదీ అటే పోతుందిలే' అన్నవాళ్లే ఊళ్లో ఎక్కువ. మన సొంత ఇన్శాట్ ఉపగ్రహాలు 1980ల్లో గానీ రాలేదు. ఏది ఏ ఊరి మీదకు వస్తుందో గంటల ముందు చెప్పే రోజులు కావవి. మధ్యాహ్నం దాకా భార్యాభర్తలు చేలో పత్తి తీస్తూనే ఉన్నారు. తొలి తీత. తడిస్తే రంగు మారి, సగం ధరకు కూడా ఎవరూ అడగరు. తీసినంత తీసి బోరేల్లో కుక్కి ఇంట్లో పెట్టుకున్నారు.

రెండు గదుల ఇల్లు. మట్టి గోడలు, తాటాకు కప్పు. పొద్దుగూకే వేళకు గాలి ఈల వేయడం మొదలైంది. భర్త గొడ్ల కట్లు విప్పి వస్తానని పాక వైపు వెళ్లాడు. తుపాను రాత్రి గొడ్లను కట్టేసి ఉంచకూడదన్నది పల్లెల్లో అందరికీ తెలిసిన సంగతే. వెళ్లినవాడు వెంటనే రాలేకపోయాడు. దారికడ్డంగా చెట్టు పడింది. కిరసనాయిలు బుడ్డి ఆరిపోయింది. ఆమె, ఇద్దరు పిల్లలు, పత్తి బోరేలు... అంతే.

పిల్ల దగ్గు మొదలెట్టింది. గాలి తగలనీకు అన్న వదిన మాట. ఆమె ఒక బోరెం మూతి విప్పి, సగం పత్తి తీసేసి, పిల్లను మెడ దాకా అందులో కూర్చోబెట్టింది. కొత్త పత్తి వెచ్చగా ఉంటుంది. పిల్ల దగ్గడం మానేసి నవ్విందట. ఆ పత్తే వాళ్ల ఏడాది కౌలు.

మట్టి గోడల ఇళ్లలో కప్పు ఎగిరిపోయినంత మాత్రాన మనుషులు పోరు. తడిసిన గోడ లోపలికి కూలితేనే పోతారు. కప్పు ఒక పక్క లేచి, వాన నేరుగా గోడ మీద పడుతుంటే, గోడ అడుగు నుంచి మన్ను ముద్దలుగా జారడం ఆమె చేతికి తెలిసింది. చీకట్లో కంటికేమీ కనిపించదు కదా... గోడ మీద చెయ్యేసి చూసుకుంటూనే ఉంది. ఇంక ఉండకూడదనుకుంది. నూరు గజాల దూరంలో ఓ రైతు పొగాకు బ్యారను ఉంది. ఇటుక గోడలు. నవంబరులో పొగాకు ఇంకా చేలోనే ఉంటుంది కాబట్టి బ్యారను ఖాళీ.

పిల్లల్ని ఇద్దర్నీ ఎత్తుకుని ఆ గాలిలో నడవడం జరిగే పని కాదు. ఒకర్నే ఎత్తుకోవాలి. ఆమె మేనకోడల్ని ఎత్తుకుంది. కొడుకుతో ''నా కొంగు వదలకురా'' అంది.

గడప దాటుతుంటే పైనుంచి వాసం జారి వాడి కుడి పాదం మీద పడింది. ఆమె ఒక చేత్తో పిల్లను పట్టుకుని, రెండో చేత్తో వాసం పక్కకు తోసి, వాణ్ని ఈడ్చుకుంటూ వెళ్లింది. నూరు గజాలకు ఎంతసేపు పట్టిందో ఆమెకు తెలియదు. బ్యారనులో అప్పటికే ముప్పై మంది దాకా ఉన్నారు. పైన రేకులు రెండు లేచిపోయాయి గానీ గోడలు తెల్లారేదాకా నిలబడ్డాయి.

1970 నవంబరులో, అప్పటి తూర్పు పాకిస్తాన్‌ను ముంచిన భోలా తుపానులో 3 లక్షల మందికి తక్కువ కాకుండా చనిపోయారు. ఆ తరవాత చేసిన సర్వేలో ఎక్కువగా పోయినవాళ్లు పిల్లలు, ముసలివాళ్లు, ఆడవాళ్లు అని తేలింది. చెట్టును పట్టుకుని రాత్రంతా వేలాడాలంటే చేతుల్లో బలముండాలి. అంతకంటే ముందు చేతులు రెండూ ఖాళీగా ఉండాలి. చంకలో పిల్లను పెట్టుకున్నవాళ్లకు ఆ సౌకర్యం ఉండదు. అది భోలాలోనైనా, బ్యారను దారిలోనైనా.

ఆదివారం పొద్దున చూస్తే ఇంటి గోడలు రెండు లోపలికే కూలి ఉన్నాయి. భర్త క్షేమంగానే వచ్చాడు. పత్తి పోయింది. చేలో నిలిచిన నీళ్లకు మిరప ఉరకెత్తి, వారానికల్లా మొక్కలు తలలు వేలేశాయి. కొడుకు పాదం వాచి కుండలా అయింది. కట్టు కట్టే ఆయన ఉండేది పక్క ఊళ్లో. బండి కదలదు, మనిషి నడవలేడు. తీసుకెళ్లేసరికి నాలుగు రోజులైంది. అప్పటికే ఎముక వంకరగా అతుక్కోవడం మొదలెట్టింది.

సోమవారం నుంచి మాటలు రావడం మొదలైంది. రేపల్లె అవతల ఊళ్లే లేవట... శవాలను గుట్టలుగా పోసి తగలబెడుతున్నారట... మేనత్త పిల్ల ముందు ఎవర్నీ ఆ మాటెత్తనివ్వలేదు. ఓదార్చడానికి వచ్చినవాళ్లను కూడా వీధిలోనే నిలబెట్టి పంపేసింది. ''అమ్మ ఎప్పుడొస్తదత్తా?'' అని పిల్ల అడిగితే ''కోతలయ్యాక'' అనేది. అంతకు మించి ఒక్క మాట కలపలేదు. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అంటే ఆ ఎల్లుండి వచ్చినప్పుడు ఏం చెప్పాలి?

రైళ్లు లేవు. తంతి స్తంభాలు ఒరిగిపోయాయి. మంగళవారం ఆమె భర్త కాలినడకన బయల్దేరాడు. చీరాల, బాపట్ల మీదుగా రేపల్లె వైపు. ఆ నడకలో ఏం చూశాడో ఆయన ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. అన్నం ముందు మాత్రం చాలా ఏళ్లు చేపల కూర వడ్డించనివ్వలేదు. దాన్ని బట్టి అర్థం చేసుకోవడమే.

ఇక్కడ మేనత్త మనసులో నడిచింది ఒకటే లెక్క. అన్నా వదినా రాకపోతే ఏమిటన్నది ఆలోచించడానికి ఆమెకు ధైర్యం లేదు. వస్తే ఏం చెప్పాలన్నదే ఆలోచించింది. పిల్లకు దగ్గు ఎక్కువైంది. తడి బట్టలతో ఓ రాత్రంతా ఉంది. 'గాలి తగలనీకన్నావు వదినా, తగిలింది.' ఈ మాట ఎలా చెప్పాలో పొయ్యి ముందు కూర్చుని లోపల్లోపల చెప్పుకునేది. వినేవాళ్లకు ఇది వింతగా ఉండొచ్చు. వేలమంది పోయినచోట దగ్గు ఒక లెక్కా అనిపించొచ్చు. కానీ పిల్లను అప్పగించుకున్న మనిషికి లెక్క అక్కడే మొదలవుతుంది.

పన్నెండో రోజు వచ్చారు. ఇద్దరే. ఆమె భర్త, వదిన. వదిన ఒంటి మీద ఎవరో ఇచ్చిన చీర. తలంతా కత్తిరించి ఉంది. ఉప్పెన ఆమెను తుమ్మచెట్లలోకి విసిరింది. జుట్టు ముళ్లకు చుట్టుకుపోయింది. ఆ జుట్టే తనను నీళ్లలో కొట్టుకుపోకుండా ఆపిందని ఆవిడ తరవాత చెప్పేది. రేపల్లెలో సాయానికి వచ్చినవాళ్లు ఆ చిక్కును విడదీయలేక కత్తిరించేశారు. పిల్ల తల్లిని గుర్తుపట్టలేదు. అత్త వెనక్కు వెళ్లి దాక్కుంది.

మేనత్త పన్నెండు రోజులుగా కూడబలుక్కున్న మాటే ముందు నోట్లోంచి వచ్చింది. ''పిల్లకు గాలి తగిలింది వదినా.''

వదిన గుమ్మం దగ్గరే కూలబడింది.

''నీ దగ్గర వదిలినదాన్ని నువ్వు దక్కించావమ్మాయ్. నా వెంట వచ్చిన మీ అన్నను నేను దక్కించలేకపోయాను.''

ఆ పన్నెండు రోజులూ అటు ఆవిడా ఇదే కూడబలుక్కుంటూ వచ్చిందన్నమాట. ఆడబిడ్డకు ఏం చెప్పాలా అని.

అన్న శవం దొరకలేదు. దొరకని మనిషికి కర్మ ఎప్పుడు చేయాలి? బంధువులు తలో మాటా అన్నారు. మేనత్త సంక్రాంతి దాకా ఆగుదామంది. అప్పటిదాకా వదిన నుదుటి బొట్టు జోలికి ఎవర్నీ రానివ్వలేదు. పండగ వెళ్లాక తనే 'ఇంక చేద్దాం' అంది. పిల్ల తల్లితోనే ఉంది గానీ బడి మాత్రం అత్త ఊళ్లోనే. తల్లి పత్తి తీతలకు, మిరపకాయ కోతలకు వెళ్లేది. డెల్టా వైపు మళ్లీ అడుగుపెట్టలేదు.

అయితే ఈ కథలో ఒక పక్కన మిగిలిపోయినవాడు కొడుకు. కాలు నయమైంది కానీ అడుగు వంకర పోలేదు. పందొమ్మిదో ఏట పోలీసు కానిస్టేబుల్ సెలక్షన్‌కు వెళ్తే, పరుగు దాకా కూడా రానివ్వకుండా పాదం చూసి పంపించేశారు. ఆ రోజు ఇంటికొచ్చి తల్లిని అడిగాడు.

''ఆ రాత్రి దాన్నెత్తుకుని నన్ను నడిపించావు. నేను నీ కొడుకును కాదా?''

''నా కొడుకువు కాబట్టే. దానికేమైనా అయితే వాళ్లమ్మ వచ్చి నన్నడుగుద్ది. నీకేమైనా అయితే నన్నడిగేదెవరు?''

ఆ జవాబు అతనికి నచ్చలేదు. నచ్చాల్సిన అవసరమూ లేదు. ఆమె నిర్ణయానికి ఖరీదు కట్టింది అతను. ఏడేళ్లవాణ్ని అడక్కుండానే కట్టించారు. త్యాగాల గురించి చెప్పుకునేటప్పుడు మనం సాధారణంగా చేసినవాళ్ల పేరే చెప్పుకుంటాం, వాళ్ల వెనక కొంగు పట్టుకుని నడిచినవాళ్ల సంగతి వదిలేస్తాం. బావామరదళ్లకు పెళ్లి చేస్తే సరిపోతుందని ఊళ్లో కొందరన్నారు. మేనరికాలు మామూలే ఆ రోజుల్లో. మేనత్తే ఒప్పుకోలేదు. ఆ రాత్రిని రోజూ ఎదురుగా పెట్టుకుని వాళ్లిద్దరూ కాపురం చేయలేరంది. ఆమె చదువుకోలేదు గానీ ఈ విషయంలో చదువుకున్నవాళ్ల కంటే తెలివిగానే ఆలోచించింది.

ఆ తరవాత ఈ మెట్టకు తుపాన్లు వస్తూనే ఉన్నాయి. 1990 మేలో ఒకటి, 2006 అక్టోబరులో బాపట్ల దగ్గరే ఓగ్ని, 2010 మేలో మళ్లీ బాపట్ల దగ్గరే లైలా. మట్టి గోడలు పోయి డాబాలొచ్చాయి. తుపాన్లకు పేర్లొచ్చాయి, ఫోన్లకు సందేశాలొచ్చాయి. ప్రాణనష్టం బాగా తగ్గింది. పంటకు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే న్యాయం... నీళ్లు నిలిచాయా, మిరప ఉరకెత్తినట్టే.

2023 డిసెంబరులో మిగ్‌జాం వచ్చింది. మయన్మార్ పెట్టిన పేరు. పిల్లకు అప్పటికి యాభై ఒక్కేళ్లు. చిలకలూరిపేటలో స్పిన్నింగ్ మిల్లులో పని, కొడుకు కట్టిన రెండంతస్తుల ఇల్లు. తల్లి పోయి చాలా కాలమైంది. మేనత్తకు డెబ్భై రెండు. కొడుకు మూడెకరాల్లో మిరప వేశాడు. ఆ ఏడాది వానల్లేవు, సాగర్ కుడి కాలవ నీళ్లూ లేవు. డబ్బు పోసి బతికించిన చేను. అతని ఇంట్లో నాలుగేళ్ల మనవడున్నాడు. కూతురూ అల్లుడూ హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, పిల్లాణ్ని ఇక్కడ ఉంచారు.

సోమవారం, 4వ తేదీన, పేట నుంచి మరదలు ఆటో తీసుకుని వచ్చింది. అత్తను, పిల్లాణ్ని తన ఇంటికి తీసుకుపోతానంది. అత్త లేచింది. పిల్లాణ్ని పంపడానికి మాత్రం బావ ఒప్పుకోలేదు.

''వాళ్లమ్మ ఫోన్ చేసి అడిగితే నేనేం చెప్పాలి?''

ఆ మాట అన్నాక అతనే కాసేపు మాట్లాడలేదు. మేనత్త కొడుకు వంక చూసింది, ఏమీ అనలేదు. మరదలు ఫోన్ తీసి హైదరాబాదుకు చేసి, పిల్లాడి తల్లితో తనే చెప్పింది. ''మీ నాన్న దగ్గర్నుంచి నేను తీసుకుపోతున్నానమ్మా. నాదీ పూచీ.'' అప్పుడు గానీ అతను పిల్లాడి చొక్కాలు సంచిలో పెట్టలేదు.

మంగళవారం మధ్యాహ్నం మిగ్‌జాం బాపట్లకు దగ్గరగా తీరం దాటింది. గంటకు 90, 100 కిలోమీటర్ల గాలి. పేటలో కిటికీ తలుపులు కొట్టుకుంటుంటే పిల్లాడు వరసకు అమ్మమ్మ అయ్యే ఆవిడ ఒడిలో నిద్రపోయాడు. మేనత్త మాత్రం కొడుక్కు మూడుసార్లు ఫోన్ చేయించింది. చేలో కాలవ తీశావా, నీళ్లు పోతున్నాయా, ఆ కాలితో రాత్రిపూట గట్ల మీద తిరక్కు... ఇవే మాటలు. రెండ్రోజులుండి, శుక్రవారం పొద్దున, ఇక్కడ కూర్చుంటే మొక్కలు ఎవరు లేపుతారని ఆటో పిలిపించుకుని వెళ్లిపోయింది. మరదలు మిల్లుకు సెలవు పెట్టి వెంట వెళ్లింది. వాలిన మిరప మొక్కలను లేపి, మొదట్లో మన్ను ఎగదోయడానికి నలుగురికి ఐదు రోజులు పట్టింది. కిందపొలంలో ఎకరం దక్కలేదు. పైన ఉన్న రెండెకరాలు నిలబడ్డాయి.